బాక్టీరియా రంగు మంగళగిరి నూలుకు పడుతుందా?

మంగళగిరిలో నేత కుటుంబంలో పుట్టి, విజయవాడలో మైక్రోబయాలజీ డిగ్రీ చదివిన మీరు మూడు సంగతులు అడిగారు. ప్రాక్టికల్ తరగతిలో పెట్రీ ప్లేటు మీద చూసిన సెరాషియా అనే బాక్టీరియా ఎర్రని కాలనీల రంగును ఇంట్లోని నూలు చిలపలకు పట్టించవచ్చునా అన్నది మొదటిది. ఆ రంగు ఆహారంలో వాడుకకు వస్తుందా అన్నది రెండవది. ఇది గుంటూరులో కారం మిల్లు నడిపే మీ మేనమామగారు అడగమన్న ప్రశ్న. ఇంటి వెనుక రేకుల షెడ్డులో కొద్దిపాటి పెట్టుబడితో ఈ పని మొదలుపెట్టవచ్చునా అన్నది మూడవది. గుంటూరు చుట్టుపక్కల కళాశాలల్లో ఈ పాఠమే చాలాకాలం చెప్పినవాణ్ణి, అద్దకం పనివారితో కలిసి ఇటువంటి రంగులను బట్టల మీద పరీక్షించి చూసినవాణ్ణి కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పి, తరువాత కారణాలకు వస్తాను. ఆ ఎరుపు మీ నూలు మీద నిలవదు. పట్టు మీద కొంతవరకు నిలిచే బాక్టీరియా రంగులు ఉన్నాయి గాని, ఒక్కో చీరకు ఖర్చు లెక్కగడితే గుండె జారుతుంది. కారంలో కలపడమన్నది ఆలోచనకే రానీయకూడదు. మీ షెడ్డులో బాక్టీరియా చేత పని చేయించుకోవాలనే కోరిక గట్టిగా ఉంటే, దాని చేత రంగును తయారు చేయించడం కంటే నీలిమందును కరిగింపజేయడం మేలు. నూలుకు అసలైన ప్రయోజనం అక్కడే ఉంది.

మీరు చూసిన ఎరుపు పేరు ప్రోడిజియోసిన్. 1819లో ఇటలీలోని పాడువా ప్రాంతంలో మొక్కజొన్న సంకటి మీద నెత్తురు మరకల వంటివి కనబడి జనం హడలిపోయినప్పుడు, బార్తలోమియో బిజియో అనే ఔషధశాస్త్రజ్ఞుడు అందులో మహిమా లేదు, శాపమూ లేదు, తేమలో పెరిగే ఒక సూక్ష్మజీవి మాత్రమే ఉందని నిరూపించి, దానికి సెరాషియా అని పేరు పెట్టాడు. ఆ జీవి తయారుచేసే ఈ అణువులో మూడు పైరోల్ వలయాలు ఉంటాయి. అది నీటిలో కరగదు. ఆల్కహాలులో, అసిటోన్‌లో బాగా కరుగుతుంది. 28, 30 డిగ్రీల మధ్య పెంచినప్పుడు కాలనీలు ముదురు ఎరుపులో మెరుస్తాయి. అదే జీవిని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే దిట్టంగానే పెరుగుతుంది గాని తెల్లగా, పాలిపోయినట్లు ఉంటుంది. రంగు తయారీలో చివరిగా రెండు ముక్కలను కలిపే మెట్టు వేడికి తట్టుకోలేకపోవడమే ఇందుకు కారణం. తిరిగి 28 డిగ్రీల దగ్గర కొత్త ప్లేటు మీద గీస్తే మళ్ళీ ఎర్రబడుతుంది. మే నెలలో విజయవాడ ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు కనుక, చల్లబరిచే సదుపాయం ఉన్న బీవోడీ ఇంక్యుబేటర్ లేకుండా రేకుల షెడ్డులో ఈ ఎరుపును ఏడాది పొడవునా రాబట్టడం కుదరదని ఇక్కడే తేలిపోతుంది.

పోషక ద్రవం విషయంలో మాత్రం మన ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేరుశనగ పలుకుల పొడితో చేసిన ద్రవంలో ఈ జీవిని పెంచి, ల్యాబుల్లో వాడే మామూలు పోషక ద్రవం న్యూట్రియెంట్ బ్రాత్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రంగు వచ్చిందని 2004లో ప్రకటించారు. గింజలోని కొవ్వు ఆమ్లాలు రంగు తయారీకి తోడ్పడతాయని వారి వివరణ. గానుగ చెక్క చవకగా దొరికే చోట ఉన్నవారికి ఆ దారిలో ప్రయత్నించాలనిపించడం సహజమే, ప్రయత్నించవచ్చు కూడా. అయితే ప్లేటు మీద గాని, ఫ్లాస్కులో గాని రంగు ఎక్కువగా రావడం ఒక సంగతి. అది బట్టను పట్టుకోవడం, ఉతుకుకు ఆగడం, ఎండకు నిలవడం అన్నవి పూర్తిగా వేరే సంగతులు. మన కళాశాలల ప్రాజెక్టు నివేదికల్లో మొదటిదాని ఫోటోలు నిండుగా ఉంటాయి, మిగిలిన మూడింటి ఊసు ఉండదు. ఉతుకు పరీక్ష ఫలితం చూపని అద్దకం ప్రాజెక్టును నేను లెక్కలోకి తీసుకోను.

ఈ తేడా కళ్ళకు కట్టాలంటే కళాశాల ల్యాబులోనే ఒక చిన్న పరీక్ష చేయండి. ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరి పాత్రలో, చంపిన కణాల ముద్దను ఆల్కహాలులో కలిపి, వడగట్టి, ఆ ఎర్రని ద్రవాన్ని ఒక ఫిల్టర్ కాగితం మీద రెండు చోట్ల చుక్కలుగా వేసి ఆరనివ్వండి. ఒక చుక్క మీద వెనిగర్ వేస్తే అది గులాబీ కలిసిన ఎరుపుగా నిగ్గుతేలుతుంది. రెండవ చుక్క మీద బట్టల సోడా నీళ్ళు వేస్తే చూస్తుండగానే అంచుల నుంచి లోపలికి నారింజ రంగుకు, ఆపైన పసుపుకు దిగిపోతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు రంగు మారడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అటువంటిదే, కాకపోతే దిశ తిరగబడి, క్షారం తగిలితే ఎరుపు పోయి పసుపు వస్తుంది. మన ఇళ్ళలో వాడే సబ్బులు, డిటర్జెంట్ పొడులు అన్నీ క్షారాలే కనుక, ఈ రంగు వేసిన చీరను మొదటిసారి ఉతికిన ఇల్లాలు అమ్మినవారి మీద ఎంత నమ్మకం ఉంచుతుందో ఊహించుకోండి.

ఇక దారం సంగతి. నూలు అంటే సెల్యులోజ్. దానికి విద్యుదావేశం గల పట్టుగొమ్మలు దాదాపు లేవు. పట్టు, ఉన్ని ప్రోటీన్లు కనుక వాటిలో ఎమైనో, కార్బాక్సిల్ సమూహాలు ఉంటాయి. నైలాన్, ఆక్రిలిక్ దారాలకు కూడా తమవైన పట్టు స్థానాలు ఉన్నాయి. ఆమ్ల స్థితిలో ప్రోడిజియోసిన్ ధనావేశంతో ఉంటుంది కనుక పట్టు, ఉన్ని, నైలాన్, ఆక్రిలిక్ మీద చిక్కగా పడుతుంది, నూలు మీద లేత గులాబీగా మిగిలిపోతుంది. పూర్వం ధనావేశం గల బేసిక్ రంగులను నూలుకు పట్టించడానికి టానిన్లు వాడేవారు కనుక, పెడన కలంకారీ పనివారు చేసినట్లు నూలును ముందుగా కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టి వేస్తే ఛాయ పెరుగుతుంది. పటిక కూడా కొంత సాయపడుతుంది. ఇవేవీ ఎండ దెబ్బను ఆపలేవు. అద్దిన ముక్కలో సగానికి అట్ట కప్పి మేడ మీద ఎండలో ఉంచి, కొన్ని రోజుల తరువాత అట్ట తీసి చూస్తే గీత గీసినట్లు రెండు ఛాయలు కనబడతాయి. వెలుతురుకు నిలిచే గుణాన్ని 1 నుంచి 8 వరకు, ఉతుకుకు నిలిచే గుణాన్ని 1 నుంచి 5 వరకు కొలిచే ప్రమాణాలు అద్దకం పరిశ్రమలో ఉన్నాయి. ప్రోడిజియోసిన్ మొదటి కొలమానంలో అడుగు మెట్లను దాటి పైకి రావడం కష్టం.

ఖర్చు లెక్క కూడా చూడండి. ఓ మోస్తరు ముదురు ఛాయ కావాలంటే బట్ట బరువులో నూటికి ఒకటి, రెండు వంతుల శుద్ధమైన రంగు పట్టాలనుకుందాం. అర కిలో చీరకు అది 5 నుంచి 10 గ్రాములు అవుతుంది. లీటరు ద్రవానికి అర గ్రాము రంగు చేతికి వస్తుందనుకుంటే, ఇంటి స్థాయిలో అది ఆశావహమైన అంచనాయే, ఒక్క చీరకు 10 నుంచి 20 లీటర్ల ద్రవాన్ని శుభ్రంగా వండి, చల్లార్చి, రోజుల తరబడి గాలి ఆడేట్లు కుదుపుతూ పెంచి, కణాలను వేరుచేసి, ఆల్కహాలుతో రంగు లాగి, ఆ ఆల్కహాలును తిరిగి పట్టుకోవాలి. రంగు దిగిన తరువాత మిగిలిన ముద్దను చంపి పారవేయడం మరొక పని. రంగుల దుకాణంలో ఆ ఛాయనే ఇచ్చే కృత్రిమ రంగుకు అయ్యే ఖర్చు దీనితో పోల్చదగినదే కాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది భద్రత. 1950లో అమెరికా నౌకాదళం గాలిలో సూక్ష్మజీవులు ఎలా వ్యాపిస్తాయో తెలుసుకోవడానికి శాన్ ఫ్రాన్సిస్కో తీరంలో ఇదే సెరాషియాను చల్లింది. అది హానిలేనిదని, ఎర్రగా ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలికని అప్పటి నమ్మకం. ఈనాడు అది ఆస్పత్రుల్లో మూత్రనాళాలకు, గాయాలకు, రక్తానికి సోకే జీవిగా, అనేక యాంటీబయాటిక్‌లకు లొంగని జీవిగా పేరుపడింది. ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు, షుగరు వ్యాధి ఉన్నవారు తిరిగే చోట దీనిని బకెట్లలో పెంచడం క్షేమం కాదు. మీరు మైక్రోబయాలజీ చదివినవారు కనుక 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో కనీసం 15, 20 నిమిషాలు ఉంచనిదే ఏ కల్చరునూ కాలువలో పోయకూడదన్నది తెలుసు. ఇంట్లో మిగిలినవారికి తెలియదు.

పట్టు మీద ప్రయత్నించదలిస్తే నేను ఊదారంగును సూచిస్తాను. వయొలసీన్ అనే ఈ రంగును క్రోమోబాక్టీరియం వయొలేసియం, జాంతినోబాక్టీరియం లివిడమ్ అనే బాక్టీరియాలు ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం నుంచి తయారుచేస్తాయి. ఇది కూడా నీటిలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. పట్టు మీద నిండైన వంగపండు ఛాయ ఇస్తుంది. ఎండకు ఇదీ వెలుస్తుంది గాని, సబ్బు తగలగానే ప్రోడిజియోసిన్ లాగా రంగు మార్చదు. రెండు జీవులలో మొదటిది మన వంటి ఉష్ణప్రాంతాల మట్టిలో, నీటిలో ఉంటుంది; గాయం ద్వారా లోపలికి వెళ్ళడం అరుదే అయినా, వెళితే రక్తానికి సోకి ప్రాణాంతకం కాగలదు. రెండవది 25 డిగ్రీల దగ్గర చక్కగా పెరిగి, మనిషి ఒంటి వేడి దగ్గర పెరగడానికి ఇష్టపడదు కనుక అదే మేలు. పేకలో గాని పడుగులో గాని పట్టు కలిసిన చీరలకు అద్దితే, పట్టు దారం ముదురుగా, నూలు దారం లేతగా తేలి ఒకే తొట్టిలో రెండు ఛాయలు వస్తాయి. ప్రదర్శన కోసం ఒకటి రెండు దుపట్టాలు చేయడానికి ఇది బాగుంటుంది. మట్టిలో నుంచి మీరే జీవిని ఏరుకోవద్దు. చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఐఎం వంటి జాతీయ కల్చర్ భాండాగారాల నుంచి మీ కళాశాల పేరుతో తెప్పించుకోండి.

ఈ రెండు రంగులూ స్టెఫైలోకోకస్ వంటి బాక్టీరియాను అణచగలవని ప్రయోగశాలల్లో చూశారు. అంతమాత్రాన వీటితో అద్దిన బట్ట ఒంటికి మంచిదని ప్రచారం చేసుకోవడం నాకు నచ్చదు. ప్రోడిజియోసిన్ కుటుంబపు నమూనాతో కృత్రిమంగా చేసిన ఒబటోక్లాక్స్ అనే అణువును క్యాన్సర్ మందుగా మనుషుల మీద పరీక్షించారు. కణాలను చంపే శక్తి ఉన్న అణువు చర్మానికి రోజంతా ఆనుకుని ఉండవచ్చునా అన్నది పరీక్ష చేసి తేల్చవలసిన ప్రశ్న.

మీ మేనమామగారి ప్రశ్నకు వస్తున్నాను. కారం పొడిలో పైనుంచి ఏ రంగూ కలపకూడదని మన ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. అది కృత్రిమమైనా, ప్రకృతి సిద్ధమైనా ఒకటే. మిరప ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే, ఆహారానికి పనికిరాని కృత్రిమ రంగు బయటపడిన కారణంగా 2003లో యూరోపియన్ యూనియన్ మిరప ఉత్పత్తులకు పరీక్షా పత్రాలు తప్పనిసరి చేసినప్పుడు గుంటూరు ఎగుమతిదారులు పడిన తిప్పలు ఆయనకు గుర్తుండే ఉంటాయి. మిరపకాయ ఎరుపంతా క్యాప్సాంథిన్ వంటి కెరోటినాయిడ్లది. దానిని కాపాడుకోవాలంటే కాయను సరిగ్గా ఎండబెట్టడం, శీతల గిడ్డంగిలో వెలుతురు తగలకుండా ఉంచడం తప్ప అడ్డదారి లేదు.

ఆహారంలో బాక్టీరియా రంగులే లేవని దీని అర్థం కాదు. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం ముదురు పసుపుగా రావడానికి కారణమైన రైబోఫ్లేవిన్‌ను ఈనాడు పరిశ్రమల్లో ఎక్కువగా పులియబెట్టే పద్ధతిలోనే చేస్తున్నారు. అందులో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా పాత్ర పెద్దది. మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న సహజ రంగుల జాబితాలో రైబోఫ్లేవిన్ ఉంది. స్పిరులినా అని పొడిగా, మాత్రలుగా అమ్మేది కూడా నాచు అని పిలుచుకునే బాక్టీరియాయే. దాని నుంచి తీసే నీలిరంగు ఫైకోసయనిన్‌ను అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో మిఠాయిలకు, చూయింగ్ గమ్‌కు అనుమతించింది. అది ప్రోటీన్ కనుక 60 డిగ్రీలు దాటితే రంగు వీగిపోతుంది. ఐస్‌క్రీముకు సరే గాని మరిగే పాకంలో వేస్తే ఏమీ మిగలదు.

కృష్ణా, గోదావరి డెల్టాల రొయ్యల చెరువుల దృష్ట్యా నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఆస్టాజాంథిన్. రొయ్యను ఉడికించగానే ఎర్రబడడం ఈ రంగు వల్లనే. పచ్చి రొయ్యలో అది ఒక ప్రోటీన్‌కు అతుక్కుని నీలి బూడిద ఛాయలో దాగి ఉంటుంది, వేడికి ప్రోటీన్ విప్పుకోగానే ఎరుపు బయటపడుతుంది. రొయ్య దానిని మొదటి నుంచి తానుగా తయారుచేసుకోలేదు, మేత ద్వారానే అందాలి. పారాకోకస్ కెరోటినిఫేసియెన్స్ అనే బాక్టీరియాను పెంచి, ఎండబెట్టిన ఎర్రని పొడిని యూరప్‌లో సాల్మన్, ట్రౌట్ చేపల మేతలో వాడుతున్నారు. ఇక్కడ రంగును శుద్ధి చేయనక్కరలేదు, దారానికి పట్టించనక్కరలేదు, ఎండలో నిలవనక్కరలేదు. కణం మొత్తాన్ని ఎండబెట్టి మేతలో కలిపితే చాలు. బట్టల అద్దకాన్ని బాధించే అడ్డంకులన్నీ ఇందులో తొలగిపోతాయి. ఇది షెడ్డులో చేసే పని కాదు, ఫెర్మెంటర్లు, అనుమతులు కావాలి. కానీ పై చదువుకు అంశం వెతుక్కుంటున్నట్లయితే దీనిని గురించి ఆలోచించండి.

ఇప్పుడు నీలిమందు. అది నీటిలో కరగదు కనుక దారంలోకి దిగదు. క్షార ద్రవంలో దానిని క్షయీకరించి, అంటే దానికి ఎలక్ట్రాన్లు అందించి, కరిగే రూపానికి తేవాలి, ఆ రూపంలో దారంలోకి చొరబడిన తరువాత గాలి తగలగానే తిరిగి కరగని నీలంగా మారి అక్కడే బిగుసుకుంటుంది. నూలుకు ఇంత గట్టిగా పట్టే సహజమైన నీలం మరొకటి లేదు. కరిగించే ఆ పనికి మీ వీధిలోని అద్దకందారులు హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం), కాస్టిక్ సోడా వాడుతున్నారు. హైడ్రోస్ వాడిన నీళ్ళలో సల్ఫైట్, సల్ఫేట్ లవణాలు మిగిలి కాలువల పాలవుతాయి. పాతకాలపు నీలి బానలో ఈ పని చేసింది బాక్టీరియా. సున్నంతో క్షారం కట్టి, ఉడికించిన తగిరిస గింజలు గాని బెల్లం గాని మేతగా వేస్తే, క్షారంలో బతకగల బాక్టీరియా గాలి అందని బాన అడుగున పెరిగి నీలిమందును క్షయీకరిస్తుంది. జపాన్ నీలి తొట్టెల నుంచి ఆల్కలిబాక్టీరియం అనే ప్రజాతికి చెందిన కొత్త జాతులనే వేరుచేసి పేరు పెట్టారు.

బాన పండిందని తెలుసుకోవడానికి చూపు అలవాటు పడాలి. పైన రాగి తళుకుతో పలుచని పొర, దాని మధ్య నీలి నురుగు గుత్తి కనబడతాయి. పొరను పుల్లతో పక్కకు తోస్తే కింద ద్రవం పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండాలి, నీలంగా ఉండకూడదు. తడిపిన చిలపను నెమ్మదిగా ముంచి, గాలి బుడగలు చేరకుండా లోపలే పిసికి పైకి తీస్తే అది ఆకుపచ్చగా వచ్చి, చేతిలో ఉండగానే నీలానికి తిరుగుతుంది. ముంచడం, ఆరనివ్వడం మళ్ళీ మళ్ళీ చేస్తే ఛాయ ముదురుతుంది. పీహెచ్ కాగితంతో రోజూ చూసుకుంటూ 10, 11 మధ్య ఉంచాలి. పులుపు పెరిగి అది పడిపోతే చిటికెడు చిటికెడుగా సున్నం వేయాలి, ఒక్కసారిగా వేస్తే జీవులు చచ్చి బాన మూగబోతుంది. అతిగా కలియబెడితే గాలి చేరి చేసిన పనంతా వృథా అవుతుంది. మన వేడి ఈ పనికి అడ్డు కాదు, చాలా నెలలు అనుకూలమే. ఈ బానను కాపాడుకోవడంలో మైక్రోబయాలజీ చదువు మీకు కొత్త బలం. పాత పనివారు వాసనతో, నాలుకతో కనిపెట్టినదాన్ని మీరు పీహెచ్, క్షయీకరణ విభవం కొలిచి రాసిపెట్టుకోవచ్చు.

జన్యువులు మార్చిన బాక్టీరియాతో నీలిమందునే తయారుచేయడం గురించి కూడా మీరు చదివి ఉంటారు. 1983లో అమెరికాలో సూడోమోనాస్ పుటిడా అనే బాక్టీరియా జన్యువులను ఈ-కోలై అనే మరో బాక్టీరియాలో పెట్టినప్పుడు కాలనీలు నీలంగా మారాయి. అది వింతగా నిలిచిందే గాని, రసాయన నీలిమందుతో ధరలో పోటీపడలేకపోయింది. ఇంగ్లండ్‌లోని కలరిఫిక్స్ సంస్థ జన్యువులు మార్చిన సూక్ష్మజీవుల చేతనే రంగును చేయించి, బట్టకు పట్టించే పద్ధతి మీద పనిచేస్తోంది. మన దేశంలో ఇటువంటి జీవులతో పని 1989 నాటి నిబంధనల కిందికి వస్తుంది. సంస్థాగత జీవభద్రతా సంఘం లేకుండా ఇంట్లో ముట్టుకోవడం నేరం.

మొదలుపెట్టదలిస్తే ఒక మట్టి బాన, పీహెచ్ కాగితాలు, సున్నం, తగిరిస గింజలు, కొద్దిగా నమ్మకమైన సహజ నీలిమందు సమకూర్చుకుని, తెల్ల నూలు చిలపల మీద రెండు మూడు ఛాయలు తీయండి. ఒక్కో ఛాయ నుంచి చిన్న ముక్క కత్తిరించి, తెల్ల నూలు, తెల్ల పట్టు గుడ్డల మధ్య కుట్టి, సబ్బు నీళ్ళలో ఉతికి, తెల్ల గుడ్డలకు ఎంత మరక అంటిందో చూడండి. ఆ ముక్కలతో విజయవాడలోని నేతకారుల సేవా కేంద్రానికి వెళ్ళి, వెలుతురు, ఉతుకు, రాపిడి పరీక్షలు ఎక్కడ, ఎంతకు చేయిస్తారో అడగండి. వయొలసీన్ పట్టు ముక్క ఒకటి కళాశాల ల్యాబులో చేయగలిగితే దానిని కూడా వెంట తీసుకువెళ్ళండి; రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి రాస్తే తదుపరి ప్రశ్నలకు అక్కడి నుంచి మొదలుపెడదాం.